మూగబోయిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ బోర్డును మళ్లీ పలికించడం ఎలా?

మీ చేతికి ఒక పాత జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ వచ్చింది. ఇంగ్లండ్‌లో స్థిరపడిన మేనమామ అటక మీద దొరికిందో, "పనిచేస్తుందో లేదో చూడలేదు" అన్న ఒక్క మాట నమ్మి ఆన్‌లైన్‌లో కొన్నారో. అడాప్టర్ పెట్టి టీవీకి కలిపారు. తెర నిండా నిలువు గీతలు, రంగురంగుల చదరాలు తప్ప ఇంకేం రాలేదు. లేదా అసలేమీ రాలేదు.

అలాంటి బోర్డులు చాలావరకు బాగుపడతాయి. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం పవర్ దగ్గరో, మెమరీ చిప్పుల దగ్గరో ఆగిపోయినవే. అయితే ఒక మాట ముందే చెప్తాను. కొలవకుండా ఏ చిప్పూ పీకకండి. మొదటిసారి నా చేతికి వచ్చిన బోర్డులో మెమరీ పోయిందని తెర చూసి తేల్చేసి, ఎనిమిది చిప్పులూ మార్చి పారేశాను. మూడు రోజుల పని. పవర్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే కొత్తవి కూడా పోయాయి. అసలు జబ్బు మైనస్ 5 వోల్టులు రాకపోవడం. ముందు మల్టీమీటర్ పెట్టి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. ఆ దెబ్బ మీకు తగలకూడదని ఇదంతా వరసగా రాస్తున్నాను.

మీ ముందున్న బోర్డు ఏంటి

క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ 1982 ఏప్రిల్ 23న స్పెక్ట్రమ్‌ను విడుదల చేసింది. 16కే (కిలోబైట్ల) మెమరీ ఉన్నది 125 పౌండ్లు, 48కే ఉన్నది 175 పౌండ్లు. హార్డ్‌వేర్ రూపకల్పన రిచర్డ్ ఆల్ట్‌వాసర్‌ది, తయారీ స్కాట్లండ్‌లోని డండీలో ఉన్న టైమెక్స్ ఫ్యాక్టరీలో. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1988లో లైసెన్స్ తీసుకుని 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో దీన్ని అమ్మింది. కాబట్టి మన ఊళ్లలో కూడా ఒకటీ అరా దొరక్కపోవు. ఈ వ్యాసంలో చెప్పేది రబ్బరు మీటలున్న 48కే మోడల్ గురించి.

ఆ ధరకు రంగుల కంప్యూటర్ ఇవ్వాలంటే ప్రతి పైసా లెక్కే. ఆ పొదుపు బోర్డు మీద అడుగడుగునా కనిపిస్తుంది, రిపేరుకు దారి చూపించేదీ అదే. తెర బొమ్మ, కీబోర్డు, శబ్దం, టేపు ఇవన్నీ చూసుకునే పనిని ఫెరాంటీ కంపెనీ చేసిన ఒకే ఒక్క 40 పిన్నుల చిప్పులో పెట్టారు. దాని పేరు యూఎల్ఏ, బోర్డు మీద ఐసీ 1 (ఐసీ అంటే చిప్పే). ఐసీ 2 అంటే 3.5 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80ఏ ప్రాసెసర్. ఐసీ 5 అంటే బేసిక్ భాష ఉన్న 16కే రోమ్, పవర్ పోయినా చెరగని మెమరీ. ఐసీ 6 నుంచి 13 దాకా ఎనిమిది 4116 చిప్పులు, ఇవి కింది 16కే మెమరీ. ఐసీ 15 నుంచి 22 దాకా మరో ఎనిమిది, ఇవి పై 32కే మెమరీ.

ఈ పై మెమరీ కథ చెప్పి తీరాలి. 32కే చిప్పులు అని వాడినవి నిజానికి 64కే చిప్పులు. తయారీలో ఒక సగం పాడై, రెండో సగం బాగున్నవాటిని తక్కువ ధరకు కొని, బాగున్న సగాన్నే వాడుకున్నారు. ఏ సగం బాగుందో దాన్ని బట్టి బోర్డు మీద ఒక చిన్న వైరు లింకు మారుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సామాను

మామూలు డిజిటల్ మల్టీమీటర్, వేడి తగ్గించుకునే వీలున్న సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్, టంకం పీల్చే రాగి జాలీ, సోల్డర్ పంపు, మొన సన్నగా ఉన్న కట్టర్, 16 పిన్నుల సాకెట్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూటలో దొరుకుతాయి. 4116 చిప్పులు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. మల్టీమీటర్‌కు మొసలి క్లిప్పు ఉన్న నల్ల వైరు ఒకటి తప్పనిసరిగా కొనండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు అడాప్టర్ సంగతి తేల్చుకోండి

స్పెక్ట్రమ్‌కు కావాల్సింది 9 వోల్టుల డీసీ. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. మనకు దొరికే అడాప్టర్లలో దాదాపు అన్నిటికీ పిన్ను లోపలి భాగం పాజిటివ్. స్పెక్ట్రమ్‌కు లోపలి భాగం నెగటివ్, బయటి గొట్టం పాజిటివ్. ఉల్టా పెడితే బోర్డు దెబ్బతింటుంది. పిన్ను సైజు సరిపోయింది కదా అని ఏదీ గుచ్చకండి. ముందు మీటర్ పెట్టి చూడండి: ఎర్ర ప్రోబ్ బయటి గొట్టానికి, నల్లది లోపలికి పెట్టినప్పుడు మైనస్ గుర్తు లేకుండా 9 చూపించాలి.

యంత్రంతో పాటు వచ్చిన పాత అడాప్టర్ పనిచేస్తున్నా దాన్ని పక్కన పెట్టమనే నేను చెప్తాను. లోపల ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని డీసీగా మార్చే భాగాలు మాత్రమే ఉంటాయి, వోల్టేజిని కట్టడి చేసే సర్క్యూట్ ఉండదు. లోడు లేనప్పుడు 12 దాటి కూడా చూపిస్తుంది. ఆ అదనపు వోల్టులన్నీ బోర్డు మీద 7805 రెగ్యులేటర్ దగ్గర వేడిగా మారతాయి. స్థిరంగా 9 వోల్టులిచ్చే 2 ఆంపియర్ల కొత్త అడాప్టర్ కొని, దాని పోలారిటీ మార్చుకోండి. గిటార్ పెడల్స్‌కు వాడే అడాప్టర్లు లోపల నెగటివే, కాకపోతే వాటిలో చాలావాటికి కరెంటు చాలదు, వెనక రాసిన ఆంపియర్లు చూసుకోండి.

ఇంకోటి. స్పెక్ట్రమ్‌కు స్విచ్ లేదు. చాలామంది పిన్ను గుచ్చి ఆన్ చేస్తారు, లాగి ఆఫ్ చేస్తారు. గుచ్చేటప్పుడు పిన్ను అటూ ఇటూ కదిలితే పవర్ వచ్చీ పోయీ చేస్తుంది, పాత మెమరీ చిప్పులకు అది అస్సలు పడదు. పిన్ను ముందే పెట్టి గోడ స్విచ్ వేయండి.

విప్పడం

యంత్రాన్ని బోర్లా తిప్పితే కింద ఐదు స్క్రూలు కనిపిస్తాయి. అవి తీశాక, పైకి తిప్పి పై మూతను మెల్లగా ఒక అంగుళం మాత్రమే ఎత్తండి. లోపల కీబోర్డు నుంచి బోర్డుకు రెండు పల్చటి ప్లాస్టిక్ రిబ్బన్లు వెళ్తుంటాయి. నలభై ఏళ్లకు అవి ఎండిన తాటాకులా పెళుసుబారి ఉంటాయి. మడత పడితే పుటుక్కున విరుగుతాయి. కనెక్టర్ దగ్గర వేళ్లతో పట్టుకుని నిటారుగా పైకి లాగండి. విరిగినా దిగులు పడకండి, కొత్త మెంబ్రేన్లు (ఈ రిబ్బన్లతో కలిసి వచ్చే కీబోర్డు పొరలు) ఇప్పటికీ తయారవుతున్నాయి.

బోర్డును కింది పెట్టెకు పట్టి ఉంచేది ఒక స్క్రూ మాత్రమే. దాన్ని తీసి బోర్డును బయటికి తీయండి. వెంటనే ఫొటోలు తీసుకోండి, పైనా కిందా. ముఖ్యంగా కెపాసిటర్ల పాజిటివ్ ఏ వైపు ఉందో స్పష్టంగా పడాలి. కొన్ని ఇష్యూల (అంటే బోర్డు డిజైన్ మారిన విడతల) బోర్డుల మీద ముద్రించిన పోలారిటీ గుర్తే తప్పు, అసలు ఫ్యాక్టరీలో పెట్టినదే ప్రమాణం. ఇష్యూ నంబరు కూడా బోర్డు మీదే ముద్రించి ఉంటుంది, రాసిపెట్టుకోండి. ఇష్యూ 2 బోర్డులో ప్రాసెసర్ దగ్గర ఒక ట్రాన్సిస్టర్‌ను చేత్తో అతికించినట్టు కనిపిస్తే అది ఎవరో చేసిన చెత్త రిపేరు అనుకుని పీకేయకండి. ఫ్యాక్టరీ వాళ్లు యూఎల్ఏ లోపాన్ని సరిదిద్దడానికి పెట్టినదే అది.

దుమ్ము బ్రష్‌తో దులపండి. వెనక అంచున ఉన్న ఎడ్జ్ కనెక్టర్ రేకులను ఆల్కహాల్‌తో తుడవండి.

పవర్ ఇవ్వకుండా కొలవండి

బోర్డును ఎడ్జ్ కనెక్టర్ అవతలి వైపు ఉండేలా పెట్టుకుంటే ఎడమ వెనక మూలలో వెండి రంగు డబ్బా ఉంటుంది. అది టీవీ మాడ్యులేటర్. దాని రేకు మొత్తం గ్రౌండే. మొసలి క్లిప్పుతో నల్ల వైరును దానికి తగిలించేయండి. ఇక మీకు ఒక చెయ్యి ఖాళీ, ఒక ప్రోబ్ మీదే దృష్టి పెట్టొచ్చు. రెండు చేతులతో రెండు ప్రోబ్‌లు పట్టుకుని, వంగి చూస్తూ కొలిచేటప్పుడే జారి పక్క పిన్నును తాకుతాయి.

ఇప్పుడు 4116 చిప్పు ఒకటి దగ్గరగా చూడండి. గీటు లేదా గంటు ఉన్న వైపు పైకి ఉంచితే, నాలుగు మూలల్లో ఉన్నవే పవర్ పిన్నులు. పై ఎడమ మూల, అంటే 1వ పిన్ను, మైనస్ 5 వోల్టులు. కింది ఎడమ మూల 8వ పిన్ను, ప్లస్ 12. కింది కుడి మూల 9వ పిన్ను, ప్లస్ 5. పై కుడి మూల 16వ పిన్ను, గ్రౌండ్. మామూలు 16 పిన్నుల లాజిక్ చిప్పుల్లో 8 గ్రౌండు, 16 ప్లస్ 5 ఉంటాయి. ఇక్కడ అలా కాదు. అలవాటు కొద్దీ తికమక పడకండి.

మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఈ మూడు పిన్నులకూ గ్రౌండుకూ మధ్య రెసిస్టెన్స్ చూడండి. ఎంత ఉండాలన్నది బోర్డు బోర్డుకూ మారుతుంది. కానీ ఏదైనా ఒకటి సున్నాకు దగ్గరగా చూపిస్తే అది షార్ట్. ఎక్కువసార్లు 12 వోల్టుల లైను మీదే వస్తుంది, కారణం కాలిపోయిన 4116 చిప్పో, ఆ లైను మీద ఉన్న కెపాసిటరో. షార్ట్ పోయేదాకా పవర్ ఇవ్వకండి.

పవర్ ఇచ్చి కొలవండి

ఇది ఈ పని మొత్తానికీ గుండెకాయ. తొందర పడకండి.

గోడ స్విచ్ వేసి, మొదట 7805 దగ్గర చూడండి. మొదటి కాలు మీద 9 చుట్టుపక్కల, మూడో కాలు మీద 5 ఉండాలి. 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే బాగున్నట్టే. 9 వచ్చి 5 రాకపోతే రెగ్యులేటర్ పోయి ఉంటుంది, లేదా దాని తర్వాత ఉన్న ఏదో చిప్పు దాన్ని కిందికి లాగుతూ ఉంటుంది. రెగ్యులేటర్ మార్చాల్సి వస్తే అదే ఆకారంలో వచ్చే స్విచింగ్ రకం పెట్టుకోండి, పెట్టె లోపల వేడి బాగా తగ్గుతుంది.

తర్వాత 4116 మూలలు. 9వ పిన్ను మీద 5, 8వ పిన్ను మీద 12, 1వ పిన్ను మీద మైనస్ 5. పది శాతం అటూ ఇటూ ఫరవాలేదు. మైనస్ 5 లేకపోతే వెంటనే స్విచ్ ఆపేయండి. ఈ చిప్పుల్లో మైనస్ 5 అందరికంటే ముందు రావాలి, అందరికంటే చివర పోవాలి. అది లేకుండా 12 మాత్రమే నడిస్తే చిప్పు లోపల్నుంచి కాలుతుంది. నా మొదటి బోర్డులో కొత్త చిప్పులు పోయింది అలాగే.

ఈ 12నీ మైనస్ 5నీ పుట్టించేది ఎక్కడో కాదు, బోర్డు మీదే ఒక చిన్న కాయిల్, టీఆర్ 4, టీఆర్ 5 అనే రెండు ట్రాన్సిస్టర్లు. టీఆర్ 4 వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ కాయిల్ ద్వారా 9 వోల్టులను 12కు ఎగదోస్తుంది, దాన్నుంచే మైనస్ 5 కూడా వస్తుంది. టీఆర్ 4 పోతే రెండూ పోతాయి: 12 ఉండాల్సిన చోట 9 కంటే తక్కువ కనిపిస్తుంది, మైనస్ 5 ఉండదు. స్పెక్ట్రమ్ రిపేరు చేసేవాళ్లలో ఈ టీఆర్ 4 తెలియనివాళ్లు ఉండరు. పవర్ ఉండగా వెనక ఎడ్జ్ కనెక్టర్‌కు జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ లాంటివి గుచ్చినా, లాగినా ఇదే బలవుతుంది. కాబట్టి వెనక ఏది కలిపినా పవర్ ఆపి కలపండి.

టీఆర్ 4 స్థానంలో జెడ్‌టీఎక్స్650, టీఆర్ 5 స్థానంలో జెడ్‌టీఎక్స్213 వస్తాయి. రెండూ కలిపి మార్చేయడం మంచిది. కానీ మార్చే ముందు అది ఎందుకు పోయిందో వెతకండి. 12 వోల్టుల లైను మీద షార్ట్ అలాగే ఉంటే కొత్త ట్రాన్సిస్టర్ కూడా క్షణాల్లో పోతుంది. కాయిల్‌ను కూడా దగ్గరగా చూడండి. తీగ మీద పూత మాడి నల్లబడి ఉంటే దాన్నీ మార్చాలి, ఎందుకంటే పూత పోయిన చుట్లు ఒకదానికొకటి తగులుతాయి.

తెర ఏం చెప్తోంది

మూడు వోల్టేజీలూ సరిగ్గా వచ్చాకే ఇక్కడికి రండి.

బాగున్న స్పెక్ట్రమ్ ఆన్ చేయగానే తెర నల్లబడి, ఎర్ర గీతలు కనబడి, తర్వాత తెల్లగా మారి కింద "1982 సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్" అనే వాక్యం వస్తుంది. ఆ నలుపూ ఎరుపూ వట్టి అలంకారం కాదు. రోమ్ మెమరీ మొత్తంలో రెండు అనే అంకె నింపి, తర్వాత ఒక్కో గడినీ రెండుసార్లు ఒకటి చొప్పున తగ్గించి సున్నా అవుతుందా అని చూస్తుంది. బొమ్మ కూడా అదే మెమరీలో ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష మీ కళ్ల ముందే జరుగుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. బొమ్మ గీసేది యూఎల్ఏ. ప్రాసెసర్ నిద్రపోతున్నా సరే అది కింది మెమరీలో ఏముంటే అది గీస్తూనే ఉంటుంది. కాబట్టి తెర మీద చెత్త గీతలైనా నిలకడగా వస్తున్నాయంటే యూఎల్ఏ, 14 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ రెండూ బతికే ఉన్నాయి. అది మంచి కబురు, ఎందుకంటే ఈ చిప్పు ఫెరాంటీ వాళ్లు సింక్లెయిర్ కోసమే చేసింది, కొట్లో దొరకదు. చెత్త అలాగే కదలకుండా ఉంటే ప్రాసెసర్ దాన్ని చెరపడం లేదన్నమాట: జెడ్80, రోమ్, లేదా వాటి మధ్య లైన్లు. నలుపు, ఎరుపు వచ్చి అక్కడే ఆగినా, మళ్లీ మళ్లీ మొదలవుతున్నా కింది మెమరీని అనుమానించండి.

పవర్ ఇచ్చిన రెండు మూడు నిమిషాలకు చిప్పుల మీద వేలు ఆనించి చూడండి. యూఎల్ఏ వేడిగా ఉండడం మామూలే. వరసలో ఉన్న ఎనిమిది 4116లలో ఒకటి మాత్రం పక్కవాటికంటే బాగా వేడెక్కితే అదే దొంగ. అందరూ ఒకేలా ఉంటే, ఎడ్జ్ కనెక్టర్‌కు పెట్టుకునే డయాగ్నొస్టిక్ కార్ట్రిడ్జ్ ఒకటి సంపాదించండి. మెమరీలో ఒక్కో గడికి ఎనిమిది బిట్లు, ఒక్కో చిప్పు ఒక్కో బిట్‌ను దాచుకుంటుంది; ఏ బిట్ చెడిందో అది చెప్తుంది. బిట్ సున్నా అంటే ఐసీ 6, బిట్ ఏడు అంటే ఐసీ 13, మధ్యవి అదే వరసలో.

పై 32కే పోయినప్పుడు

ఇది నాకు ఇష్టమైన రిపేరు, ఎందుకంటే యంత్రమే తన జబ్బు తానే చెప్తుంది. సింక్లెయిర్ వాక్యం చక్కగా వస్తుంది, చిన్న ప్రోగ్రాములు నడుస్తాయి, 48కే ఆటలు మాత్రం నడవవు. అప్పుడు ఇలా టైపు చేయండి:

ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733

మీటల మీద పదాలు అక్షరం అక్షరం కొట్టనక్కర్లేదు. పీ నొక్కితే ప్రింట్ వస్తుంది. పీక్ కోసం క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ రెండూ కలిపి నొక్కి వదిలి, తర్వాత ఓ నొక్కాలి. జవాబు 65535 వస్తే మొత్తం 48కే కనిపిస్తున్నట్టు. 32767 వస్తే యంత్రం తనను 16కే మోడల్ అనుకుంటోంది. ఈ రెండోది వస్తే తర్వాతి అడుగు:

పోక్ 40000, 0 : ప్రింట్ పీక్ 40000

సున్నా రావాలి. 8 వచ్చిందనుకోండి. 8 అంటే బిట్ మూడు. ఆ బిట్ ఎప్పుడూ ఒకటిగానే ఉండిపోయింది. పై మెమరీలో బిట్ సున్నా ఐసీ 15, కాబట్టి బిట్ మూడు ఐసీ 18. ఒకే ఒక్క చిప్పు మారిస్తే సరి. 255 వస్తే మాత్రం ఎనిమిదీ ఒకేసారి పోయాయనుకోకండి. వాటికి చిరునామా అందించే ఐసీ 23, 24, 25, 26లను చూడండి, ఇవి చవకైన మామూలు లాజిక్ చిప్పులు.

ఈ పరీక్షకు ఒక కంత ఉంది. రోమ్ పరీక్షించేది 2, 1, 0 అంకెలతోనే. బిట్ మూడు ఎప్పుడూ సున్నాగా ఇరుక్కుపోతే ఆ పరీక్ష దాటేస్తుంది. యంత్రం 48కే ఉందని నమ్మి, తన స్టాక్‌ను, అంటే ప్రాసెసర్ తాత్కాలికంగా అంకెలు దాచుకునే చోటును, పై చివర పెట్టుకుని, అక్కడి చెడ్డ బిట్ వల్ల ఒక్కసారిగా కూలిపోతుంది. అలా ఎర్ర గీతలన్నీ బాగానే జరిగి చివర్లో యంత్రం తన్నుకుపోతుంటే పై మెమరీని కూడా అనుమానితుల జాబితాలో వేయండి. ఇక్కడ కార్ట్రిడ్జ్ ఒక్కటే దిక్కు.

పైన చెప్పిన సగం చిప్పుల కథ ఇప్పుడు పనికొస్తుంది. పోయిన చిప్పు స్థానంలో మంచి 4164 చిప్పు నేరుగా పెట్టొచ్చు. అందులో రెండు సగాలూ బాగుంటాయి కాబట్టి లింకు ఎటున్నా ఫరవాలేదు. కానీ ఆ 4164ను కింది మెమరీ సాకెట్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి. దాని 8వ పిన్నుకు కావాల్సింది 5 వోల్టులు, ఆ సాకెట్‌లో వచ్చేది 12.

చిప్పును తీయడం

బోర్డు ట్రాకులు సన్నవి, ప్యాడ్లు పాతవి. చిప్పును కాపాడాలని చూస్తే బోర్డు పోతుంది. పోయిన చిప్పు ఎలాగూ పోయింది, దాన్ని త్యాగం చేసి బోర్డును కాపాడండి.

కట్టర్‌తో చిప్పు ఒంటికి ఆనించి పదహారు కాళ్లూ ఒక్కొక్కటిగా కత్తిరించండి. ఒళ్లు చేతికి వస్తుంది, కాళ్లు బోర్డులో నిలబడి ఉంటాయి. ఇప్పుడు ఒక కాలికి పైనుంచి కొద్దిగా ఫ్లక్స్ పూసి, కింది నుంచి 330 డిగ్రీల దగ్గర ఐరన్ ఆనించండి. టంకం మెరుస్తూ కరిగి, కాలు మెత్తగా ఊగడం కనిపిస్తుంది. ఆ ఊపు వచ్చాకే పట్టకారుతో పైకి తీయండి. ఊగకముందే లాగితే ప్యాడ్ కూడా దాంతో పాటే వచ్చేస్తుంది. మూడు నాలుగు సెకన్లకు మించి ఐరన్ ఒకే చోట ఉంచకండి, కరగకపోతే తీసేసి కాస్త కొత్త టంకం కలిపి మళ్లీ ప్రయత్నించండి. పాత టంకం కొత్తదానితో కలిస్తేనే సులువుగా లొంగుతుంది. గ్రౌండు పిన్ను మొండికేస్తుంది, రాగి ఎక్కువ ఉంటుంది కాబట్టి వేడిని లాగేస్తుంది. దాన్ని చివరికి ఉంచండి.

కాళ్లన్నీ వచ్చాక రాగి జాలీతో రంధ్రాలు శుభ్రం చేసి, సాకెట్ పెట్టి, ప్రతి పిన్నూ పక్క పిన్నుకు తగలడం లేదని మీటర్‌తో బీప్ పెట్టి చూసుకోండి. నేరుగా కొత్త చిప్పు అతికించకండి. మళ్లీ ఏదైనా జరిగితే ఈ పనంతా ఇంకోసారి ఆ ప్యాడ్లు తట్టుకోలేవు.

యూఎల్ఏ సాకెట్‌లోనే ఉంటుంది, కాబట్టి వేళ్లతో లాగాలనిపిస్తుంది. వద్దు. ఒక వైపు పైకి లేచి ఇంకో వైపు పిన్నులు వంగిపోతాయి. సన్నటి బల్లపరుపు స్క్రూడ్రైవర్‌తో ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర కొద్దికొద్దిగా ఎత్తండి. పవర్ ఆపి, ముందుగా ఒంట్లో స్టాటిక్ పోయేలా మాడ్యులేటర్ రేకు ముట్టుకుని మొదలుపెట్టండి.

టీవీ బొమ్మ

స్పెక్ట్రమ్ బొమ్మను యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్‌లో పంపుతుంది. కొత్త టీవీల్లో అది పట్టుకోవడం కష్టం, పట్టినా మసకగా ఉంటుంది. మాడ్యులేటర్ డబ్బాలోకి బోర్డు నుంచి రెండు వైర్లు వెళ్తాయి, ఒకటి 5 వోల్టులు, రెండోది వీడియో. ఏది ఏదో మీటర్‌తో తేల్చుకుని రెండూ విప్పండి. డబ్బా మూత తీసి, టీవీ సాకెట్ మధ్య పిన్నుకు లోపల కలిసి ఉన్న రెసిస్టర్ కాలును విడదీయండి. తర్వాత వీడియో వైరును 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ద్వారా ఆ మధ్య పిన్నుకు కలపండి, పాజిటివ్ బోర్డు వైపు. ఇక టీవీకి పసుపు వీడియో వైరు పెట్టుకోవచ్చు. 5 వోల్టుల వైరు చివర టేపు చుట్టడం మర్చిపోకండి. ఏదీ కత్తిరించకుండా విప్పి పెడితే, ఎప్పుడైనా పాత స్థితికి తెచ్చుకోవచ్చు. శబ్దం గురించి దిగులు లేదు, స్పీకర్ బోర్డు మీదే ఉంది.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అన్నీ మార్చాలా అని చాలామంది అడుగుతారు. మారుస్తాను, కానీ చివర్లో. యంత్రం పనిచేయని దశలోనే మార్చేస్తే, తర్వాత వచ్చే కొత్త తప్పు పాతదా, మీ చేతిదా అన్నది తెలియదు. అదే విలువ, అదే లేదా ఎక్కువ వోల్టేజి, పోలారిటీ మీ ఫొటో ప్రకారం.

మూత పెట్టే ముందు

రిబ్బన్లు కనెక్టర్లలో నిటారుగా దింపి, ప్రతి మీటా నొక్కి చూడండి. ఒక వరసలో పక్కపక్కనే ఉన్న ఐదు మీటలు కలిసి పనిచేయకపోతే తప్పు మీటలది కాదు, రిబ్బన్‌లో ఒక లైను తెగి ఉంటుంది. చివర మాత్రమే పగిలి ఉంటే ఆ కాస్త ముక్కను కత్తెరతో తిన్నగా కత్తిరించి మళ్లీ దింపితే పనిచేయొచ్చు, పొడవు సరిపోయేలా చూసుకోండి.

యంత్రాన్ని మూత లేకుండా ఒక గంట నడవనివ్వండి. గంట తర్వాత మళ్లీ ఆ మూడు వోల్టేజీలూ కొలిచి, చిన్న కాగితం మీద తేదీతో రాసి కింది పెట్టె లోపల అతికించండి. మళ్లీ ఎవరు విప్పినా, అది మీరైనా సరే, ఆ మూడు అంకెలే మొదట పనికొస్తాయి.

ఇక ఫోన్‌లో ఏదైనా ప్రోగ్రాం టేపు శబ్దాన్ని ఫైలుగా పెట్టుకుని, ఆడియో వైరును వెనక ఇయర్ సాకెట్‌కు కలపండి. జే నొక్కితే లోడ్ వస్తుంది, సింబల్ షిఫ్ట్ పట్టుకుని పీ రెండుసార్లు, ఎంటర్. ఫోన్ వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచండి. తెర చుట్టూ ఎరుపు, లేత నీలం పట్టీలు మెల్లగా పాకి, ఒక్కసారిగా నీలం, పసుపు సన్న గీతలుగా మారి పరుగెత్తుతాయి. ఆ రెండో రంగులు కనిపించాయంటే డేటా లోపలికి వెళ్తోంది. ఐదు స్క్రూలూ బిగించేయండి.